మేడంగారి చేతిపని

మొన్న తార్నాకలో మెట్రో ఎక్కితే, నా ఎదురు సీట్లో గడ్డం పెంచిన కుర్రాడొకడు ఒళ్ళో రింగు బిగించిన గుడ్డ పెట్టుకుని క్రాస్ స్టిచ్ కుడుతున్నాడు. కుట్టుకుంటే కుట్టుకున్నాడు, పక్కనున్న స్నేహితుడి చేత వీడియో కూడా తీయించుకుంటున్నాడు. సూది పైకి లాగినప్పుడల్లా మొహం కాస్త పక్కకు తిప్పి, గడ్డానికి వెలుతురు తగిలేలా చూసుకుంటున్నాడు. నిలబడ్డ ఆవిడొకరు "బాగుంది బాబూ" అని మెచ్చుకుంది. అదేమంత గొప్ప అన్నట్టు వాడు తల ఊపాడు. నాకు మా సారు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. అదే పని చేసుకోవడానికి ఆ మహానుభావుడు ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ తలుపుకు గడియ పెట్టుకున్నాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

మా సారు యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసరు, నా పీహెచ్‌డీ గైడు. అనంతపురం వైపు మనిషి. మంచి ఎత్తు, ఎత్తుకు తగ్గ పొట్ట, పొట్టకు తగ్గ మీసం. కారిడార్ మలుపులో ముందు మీసం కనిపించేది, కాసేపటికి మిగతా మనిషి వచ్చేవాడు. వైవాకు ఆయన వస్తున్నాడని తెలిస్తే ఊళ్ళో ఉన్న స్కాలర్లకు ఊరికే జ్వరం వచ్చేది. ఎవరైనా థీసిస్ తెచ్చిస్తే మొదటి పేజీ ముట్టుకునేవాడు కాదు. కట్టను తిరగేసి చివరి నుంచి మొదలుపెట్టేవాడు.

"ముందరపక్క అందరూ బాగానే ఉంటారప్పా. ఎనకపక్క చూస్తే కదా తెలిసేది!" అనేవాడు.

దాన్ని మేమంతా గొప్ప పరిశోధనా సూత్రమని భక్తిగా రాసుకున్నాం. ఒకడు సెమినార్‌లో ఆయన పేరు పెట్టి మరీ ఉదహరించాడు. కుట్టుపని చేసేవాళ్ళకు గుడ్డ తిరగేసి చూసే అలవాటు ఉంటుందని, వెనక దారాలు గజిబిజిగా ఉంటే కుట్టినవాళ్ళు బద్ధకస్తులని లెక్కని అప్పుడు మాకెవరికీ తెలియదు. ఆయన ఎవరింటికి వెళ్ళినా సోఫా మీద పరిచిన గుడ్డ అంచు పట్టుకుని తిరగేసేవాడు. ఆ ఇంటివాళ్ళు దుమ్ము వెతుకుతున్నాడనుకుని, ఆయన వస్తున్నాడంటే ముందు రోజే ఇల్లంతా దులుపుకునేవాళ్ళు.

నాకు అసలు సంగతి తెలిసింది నా అతితెలివి వల్ల. అప్పుడు నేను కొత్తగా చేరాను. నల్లగొండ దగ్గర మా ఊరి నుంచి వచ్చి అడిక్‌మెట్‌లో మరో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. ఒకరోజు సారు క్లాసుకు వెళ్ళినప్పుడు ఆయన టేబుల్ మీద పెద్ద గ్రాఫు కాగితం కనిపించింది. గడి గడికీ ఒక గుర్తు. కొన్నిట్లో చుక్క, కొన్నిట్లో త్రిభుజం, కొన్నిట్లో సున్నా, అక్కడక్కడా ఖాళీ. అంచుల వెంట అంకెలు. గళ్ళలో గుర్తులు నింపే సమస్యలు మా గణితంలో కొల్లలు. వాటిలో కొన్ని ఎవరికీ కొరుకుడు పడకుండా ఉండిపోయినవి. సారు గుట్టుగా అలాంటిదేదో సాధిస్తున్నాడని నాకు నమ్మకం కుదిరిపోయింది.

ఫోనులో ఫోటో తీసుకుని గదికి పోయి దాని మీద కూర్చున్నాను. తిండి మీద ధ్యాస లేదు. ఎవరో అమ్మాయి కాదని ఉంటుందని నా గదివాళ్ళు తీర్మానించి, నాకు ఇరానీ చాయ్ తెచ్చిపెట్టి ఓదార్చారు. చివరికి నాకొక నియమం దొరికింది. దాన్ని ఉపపత్తితో సహా శుభ్రంగా రాసుకుని సారు గదికి వెళ్ళాను.

"సార్, మీ టేబుల్ మీద ఉన్న మాట్రిక్స్ చూసిన. కోపం చేయొద్దు సార్. త్రిభుజాలన్నీ ఒక్కకాడనే గుంపుగ ఉన్నయి. వాటి సుట్టూ చుక్కలే ఉన్నయి. అది అనుకోకుండ వచ్చింది కాదు సార్. గక్కడ ఏదో ఉన్నది."

సారు మీసం వణికింది. లేచి తలుపు వేసి గడియ పెట్టాడు. వచ్చి కూర్చున్నాడు.

"ఉండాది," అన్నాడు. "ముక్కు ఉండాది."

"సార్?"

"చిలక ముక్కప్పా. త్రిభుజం అంటే ఎర్ర దారం. చుక్క అంటే పచ్చ దారం."

నేను రాసిన కాగితాలు అందుకుని అలవాటు ప్రకారం చివరి నుంచి చదివాడు. "లాజిక్ బాగుండాది. చిలక మీద ఖర్చు పెట్టినావు," అన్నాడు. తర్వాత టేబుల్ సొరుగు లాగాడు. పైన జవాబు పత్రాలు, వాటి కింద రింగు, గళ్ళు గళ్ళుగా నేసిన మ్యాటీ గుడ్డ, రంగు రంగుల దారం లచ్చీలు. గుడ్డ మీద సగం చిలక.

"ఈ సంగతి ఈ రూము దాటి పోయిందంటే నీ పీహెచ్‌డీ పట్టా నీ మనవడు తీసుకుంటాడు," అని సొరుగు మూశాడు.

ఆ తర్వాత ఇక దాపరికం లేదు కనుక నా ముందే కుట్టేవాడు. నేను నా లెక్క చెబుతుంటే వింటూ, ఆరు పోగుల దారం నుంచి రెండు పోగులు విడదీసి, కొస నాలుకతో తడిపి, సూదిలోకి ఒక్క దెబ్బతో ఎక్కించేవాడు. వరస పొడవునా ఒకవైపు వాలిన గీతలు కుట్టుకుంటూ వెళ్ళి, మళ్ళీ వాటి మీద అడ్డంగా వేసుకుంటూ వెనక్కి వచ్చేవాడు. "పై కుట్టు అన్నిట్లోనూ ఒకే పక్కకు వాలల్ల. ఒక్కటి తిక్కగా తిరిగిందంటే గోడ మీద పెట్టినాక అదే కండ్లలో పొడుస్తాది," అనేవాడు. లెక్క తప్పిందని తెలిస్తే, ఎంత దూరం వచ్చినా విప్పేసేవాడు. కోపం తెచ్చుకునేవాడు కాదు. స్కాలరు లెక్క తప్పితే చిందులు తొక్కే మనిషి, తన కుట్టు తప్పితే ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ విప్పుకునేవాడు. పాట ఏదో ఎప్పుడూ తెలిసేది కాదు, అంత అన్యాయంగా పాడేవాడు. అలా కూర్చున్నప్పుడు ఆయన మొహం ఇష్టమైన తాయిలం తింటున్న పిల్లాడి మొహంలా ఉండేది. నేను ఆయన్ని ప్రేమించడం మొదలుపెట్టింది ఆ గదిలోనే, ఆ కూనిరాగాన్ని భరిస్తూనే.

ఈ పిచ్చి మొదలవడానికి కారణం మేడం, అంటే ఆయన భార్య. ఆమెది ప్రొద్దుటూరు. కాపురం యూనివర్సిటీ క్వార్టర్స్‌లో. సెక్రటేరియట్‌లో ఉద్యోగం. పక్క క్వార్టర్‌ ఆవిడ కుడుతోందని తనూ కోఠీలో సామాను కొని తెచ్చి, ఆవిడ చేతే సూదిలో దారం ఎక్కించుకుని, సగం ఆకు కుట్టి విసిరికొట్టింది. సారు సగంలో ఆగిన లెక్కను చూస్తూ ఊరుకోలేని మనిషి. ఆ ఆకు పూర్తి చేశాడు. ఆకు అయ్యాక కొమ్మ ఊరుకోనివ్వలేదు. ఇక ఆగలేదు.

కుట్టి ఊరుకుంటే గొడవే లేదు. ఫ్రేము కట్టించి గోడకు వేలాడదీయనిదే ఆయనకు నిద్ర పట్టేది కాదు. హాల్లో వీధి తలుపు తెరిస్తే ఎదురుగా కనపడేలా పెట్టేవాడు. వచ్చినవాళ్ళు ఫ్రేము చూసి, వెంటనే తల తిప్పి మేడం వైపు చూసేవాళ్ళు. మన ఇళ్ళలో గోడ మీద కుట్టుపని కనపడితే ఇల్లాలి వైపు చూడాలని ఎవరూ ఎవరికీ నేర్పరు. "మీరే కుట్టారా?" అని వాళ్ళు అడగడం, "ఆఁ" అని ఆమె ముక్తసరిగా అనడం, మీసం వెనక సారు మొహం చిన్నబుచ్చుకోవడం. ఆ ఇంట్లో ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

"నాకు బొత్తాం కుట్టేది గూడా రాదు నాయనా," అనేది మేడం నాతో. "ఈ మనిషి చొక్కా బొత్తాలు ఈ మనిషే కుట్టుకుంటాడు. చేసేది ఆయన, మెప్పు నాకు. దొంగసొమ్ము తిన్నెట్లు ఉంటాది. చెప్పేయండి అంటే ఇనడు."

"పిల్లోళ్ళకు తెలిస్తే ఏం పేరు పెడతారో తెల్సా?" అనేవాడు సారు.

"ఇప్పుడేమన్నా మంచి పేరు పెట్టినారా?" అనేది మేడం.

నిజమే, అప్పటికే హాస్టల్లో ఆయనకున్న పేర్లు ఇక్కడ రాసేవి కావు.

ఫ్రేము కట్టించే తంతు ముషీరాబాద్‌లో. దేవుళ్ళ పటాలు, పోయినవాళ్ళ ఫోటోలు నేల నుంచి కప్పు దాకా పేర్చిన ఇరుకు షాపు. షాపు భాయ్‌కి ఏదైనా జిగురు పూసి అట్టకు అంటించేయడం అలవాటు. సారు దగ్గర అది సాగదు. గుడ్డను అట్ట మీద సమంగా లాగి, వెనక దారంతో ఇటూ అటూ కట్టి బిగించాలి, జిగురు చుక్క తగలకూడదు. ఆ పని అయ్యేదాకా సారు అక్కడి స్టూలు మీద కూర్చుని కాపలా కాసేవాడు. అంత తెలిసినా, అక్కడ కూడా అదే అబద్ధం. మా ఆవిడ కుట్టింది.

"మేడం చేతిల కమాల్ ఉన్నది సాబ్," అన్నాడు భాయ్, చిలకను వెలుతురులో పెట్టి చూస్తూ.

"ఆ రెక్క కాడ పచ్చ మెల్లగా మారిందే, అది సూడు," అన్నాడు సారు ఆశగా.

"సూస్తున్న సాబ్. మీది కిస్మత్ అంటే. ఇసువంటి బీవీ దొరికింది."

తిరుగు ప్రయాణంలో ఆటోలో సారు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఫ్రేము నా మోకాళ్ళ మధ్య ఉంది. విద్యానగర్ దాటాక నోరు విప్పాడు.

"ఒక్కసారి, సచ్చేలోపల ఒక్కసారి, ఇది ఈయన కుట్టినాడు అని ఎవురన్నా అంటే చాలప్పా నాకు."

"చెప్పున్రి సార్ మరి. ఎవలు వద్దన్నరు?"

"నువ్వు ఫ్రేము సరిగా పట్టుకో," అన్నాడు.

ఆ ఫ్రేముతోనే తార్నాక చౌరస్తాలో దిగాం. పేపరు చుట్టి పురికొస కట్టినదాన్ని నేను ఛాతీకి హత్తుకుని నిలబడితే, మా డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేసే మరో ప్రొఫెసరు ఎదురుపడ్డాడు. "ఏంది సార్, ఎవరి ఫోటో?" అని అడిగాడు. సారుకు అబద్ధం ఆడటం సరిగా రాదు. నోటికి వచ్చిన మొదటి మాట వదిలేస్తాడు. "మా మామది," అన్నాడు. కొత్త ఫ్రేము, పెద్ద సైజు, సారు ముడుచుకున్న మూతి. అవతలాయన లెక్క అవతలాయన కట్టుకున్నాడు. సారు చేయి పట్టుకుని "ఎప్పుడు సార్?" అని గొంతు తగ్గించాడు. సారు తల దించుకున్నాడు. ఆదివారం ఆ ప్రొఫెసరు తన భార్యను వెంటబెట్టుకుని, అరటిపళ్ళతో పరామర్శకు వెళ్తే తలుపు తీసింది స్వయానా మామగారే. కళ్ళు చూపించుకోవడానికి ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఉన్నాడట. పళ్ళు అందుకుని "ఎవురు పోయినారు నాయనా?" అని అడిగాడట. మేడం వంటింట్లోకి పోయి నోట్లో చెంగు కుక్కుకుందట.

తర్వాత సారు మా క్యాంపస్‌లోని పాత రాతిభవనం మీద పడ్డాడు. అచ్చు చార్టు ఎక్కడా దొరకదు కాబట్టి సొంతంగా గ్రాఫు గీసుకున్నాడు. పొద్దున్నే భవనం ఎదురుగా నిలబడి కమానుల వైపు వేలు చూపిస్తూ లెక్కపెట్టేవాడు. వాకింగ్‌కు వచ్చినవాళ్ళు అదేదో కొత్త రకం ప్రాణాయామమనుకున్నారు. "రాయి రంగు ఒకటి కాదప్పా. ఎండలో ఒకటి, వాన పడినాక ఒకటి," అంటూ బూడిద రంగులో ఎన్ని రకాలున్నాయో అన్ని లచ్చీలు కొన్నాడు. అది పూర్తయ్యేలోపు నేను థీసిస్ రాసేశాను. ఏది ముందు అవుతుందో అని ఇద్దరికీ పోటీ ఉండేది.

ఆ రాతిభవనం గోడకెక్కాక పక్క క్వార్టర్‌ ఆవిడ చూసింది. చూసి ఊరుకోక, క్వార్టర్స్ మహిళా సంఘం పెట్టిన ప్రదర్శనకు మేడం వద్దు మొర్రో అంటున్నా పట్టుకుపోయింది. మొదటి బహుమతి వచ్చింది. బహుమతి ఇచ్చి పంపితే సరిపోయేది. ముఖ్య అతిథిగా వచ్చిన ఆవిడకు ఉత్సాహం ఎక్కువై, రింగు, సూది, దారం తెప్పించి, "మేడంగారూ, మా అందరి ముందూ నాలుగు కుట్లు వేసి చూపించండి," అంది.

మేడం స్టేజీ మీద సూదిని చూసిన చూపు నేను మరిచిపోలేను. దారాన్ని సూదికి అటు నుంచి పొడిచింది, ఇటు నుంచి పొడిచింది. "అద్దాలు తేలేదు," అంది. చెమట తుడుచుకుంది. నా పక్కన కూర్చున్న సారు లేచాడు. మీసం సవరించుకుని నేరుగా స్టేజీ ఎక్కాడు. చెప్పేస్తున్నాడు అనుకున్నాను.

దారం కొస నాలుకతో తడిపి, ఒక్క దెబ్బతో సూదిలోకి ఎక్కించి మేడం చేతికిచ్చాడు. హాలు చప్పట్లతో మారుమోగింది. ముఖ్య అతిథి కళ్ళు ఒత్తుకుని, మైకు ఆయన నోటి ముందు పెట్టింది. "భార్య ప్రతిభను ఇలా గౌరవించే భర్త ఉండటం అదృష్టం. సార్, ఆమె గురించి రెండు మాటలు."

సారు నోరు తెరిచాడు. వెనక వరసలో మా స్కాలర్ల గుంపు నిలబడి ఉంది. వాళ్ళను చూశాడు. మేడంను చూశాడు.

"ఇది కుట్టినవాళ్ళు చానా కష్టపడినారు," అన్నాడు. అంతటితో ఆగలేకపోయాడు. "ఆ కమానుల కింద నీడ సూడండి. అట్ల నీడ తెచ్చేది మాటలు గాదు. ఎనకపక్క తిప్పి సూడండి, ఒక్క ముడి ఉండదు. ఇట్లాంటి పనోళ్ళు ఊరికి ఒకరు ఉంటే ఎక్కువ." అలా ఆయన తనను తాను పొగుడుకుంటూ పోయాడు. కింద కూర్చున్న ఆడవాళ్ళు ఎవరి మొగుడి వైపు వాళ్ళు కొరకొరా చూశారు. ఆ హడావిడిలో నాలుగు కుట్ల సంగతి అందరూ మరిచిపోయారు.

బయటికొచ్చాక చాయ్ బండి దగ్గర నేను అడిగేశాను. "సెప్పకపోతిరి సార్."

"సెప్పేదానికే లేసినానప్పా. నోటిదాకా వచ్చినాది." గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "ఆమెకు చప్పట్లు కొడతాండారు. ఆఫీసులో చాకిరీ, ఇంట్లో చాకిరీ. ఇన్నేండ్లలో ఎవురన్నా కొట్టినారా ఆమెకు? నేనూ కొట్టలేదు. కొట్టేటప్పుడు నిలిపేది ఎట్ల?"

మేడం సంగతి వేరుగా ఉంది. బహుమతిగా వచ్చిన హాట్‌ప్యాక్‌ను సారు ముందు టక్కున పెట్టి, "మీది. మీరే పెట్టుకోండి," అంది. మర్నాడు నాకు అందులోంచే ఉప్మా వడ్డించింది. "తిను నాయనా. నాకు రాని పనికి ఇచ్చినారు," అంది. ఆమెకు ఆ చప్పట్లు ఎంత మాత్రం సంతోషం ఇవ్వలేదని సారుకు ఎప్పటికీ అర్థం కాలేదు.

రిటైరై తార్నాకలో ఫ్లాటు కొనుక్కుని వెళ్ళాక, ఇకనైనా చెబుతాడనుకున్నాం. "ఇప్పుడు చెప్తే ఇన్నాళ్ళూ అబద్ధమాడినాదని ఆమెను అంటారు," అన్నాడు. బాల్కనీలో కూర్చుని కుట్టుకోవచ్చు కదా అంటే, ఎదురు ఫ్లాటువాళ్ళు చూస్తారన్నాడు. పడకగదిలో తెర వేసుకుని కుట్టాడు. ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానని వెళ్ళినవాడు మళ్ళీ లేవలేదు.

దినం రోజు ఆ హాలు నిండా జనం. నాలుగు గోడల నిండా ఆయన ఫ్రేములు. వచ్చినవాళ్ళు సారు లెక్కల గురించి, కోపం గురించి, మీసం గురించి మాట్లాడుకున్నారు. అప్పట్లో అరటిపళ్ళు తెచ్చిన ప్రొఫెసరు, ఆయన భార్య కూడా వచ్చారు. ఆవిడ గోడల వంక చూసి మేడం పక్కన కూర్చుంది.

"ఎన్ని కుట్టిన్రక్కా! ఇగ మీరు ఇది మాత్రం ఇడ్వద్దు. చేతులకు పనుంటే మనసు జర కుదురుకుంటది," అంది.

మేడం తలెత్తింది. ఆ రోజు పొద్దుటి నుంచీ ఆమె కంట నీరు నేను చూడలేదు.

"నేను ఒక్కటి గూడా కుట్టలేదమ్మా," అంది, హాలంతా వినపడేలా. "అన్నీ ఆయన కుట్టినవే. నాకు సూదిలో దారం ఎక్కించేది గూడా రాదు."

హాల్లో అందరూ ఇటు తిరిగారు. పక్కన కూర్చున్న ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సూసిన్రా," అంది తన భర్తతో, "సార్ మీద ఎంత పానమో. తను చేసిన పని గూడ ఆయన పేరు మీదనే పెడ్తున్నది."

"పేరు మీద పెట్టేది కాదమ్మా, నిజం!" మేడం గొంతు లేచింది. "నువ్వు చెప్పు నాయనా!"

నేను చెప్పాను. చిలక సంగతి, సొరుగు సంగతి, ముషీరాబాద్ సంగతి, అన్నీ చెప్పాను. ప్రొఫెసరుగారు లేచి వచ్చి నా భుజం తట్టాడు. "గురుభక్తి అంటే గిట్లుండాలె," అన్నాడు. జనం దండ వేసిన ఫోటోలోని మీసం వైపు ఒకసారి, గోడ మీద ఫ్రేములోని చిలక వైపు ఒకసారి చూశారు. పాపం, పిచ్చి అభిమానం అన్నట్టు మమ్మల్నిద్దర్నీ చూశారు. ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు.

ఆవిడ మేడం చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని కళ్ళకు అద్దుకుంది. "బంగారమసొంటి చేతులు తల్లీ ఇవి," అంది.

మేడం ఆ చేతుల్ని చూసుకుంది. విసురుగా లాక్కుని, గుండె పగిలినట్టు ఏడ్చింది.

"ఇవి కాదమ్మా ఆ చేతులు," అంది. "ఆ చేతుల్ని మీరంతా కలిసి కాల్చేసి వచ్చినారు."